పిచ్చితీగకు పందిరి

దక్షిణ కొరియాలో ఒక కొండపల్లె. ఆగస్టు నడిమి, మిట్టమధ్యాహ్నం. వాగు పక్క ద్రాక్షతోటలో, కాగితం సంచులు తొడిగిన గుత్తుల కింద ఇద్దరున్నారు: కంచె అవతలి తోట ఆసామి, కిందటేడు ఈ తోటా కొన్న మేంగ్ హక్‌సూ; ఈ తోటనే అమ్ముకుని ఇందులోనే కూలికి వస్తున్న బున్నే, యనోక్ తల్లి.

"ఇంకోసారి చెప్పు."

"చెప్పాను కదా. సంచుల్లో పురుగుంది."

"ఏ సంచుల్లో?"

"నేను తొడిగిన సంచుల్లో."

"అన్నీ నువ్వే తొడిగావు. పదకొండు రోజులు తొడిగావు. ఇంకెవరూ వద్దు, నేనొక్కదాన్నే చాలన్నావు."

"అన్నాను."

"ఎండదెబ్బ తగిలినట్టుంది నీకు. యనోక్ వాళ్లమ్మా, ఆ నీడకి పోయి కాసిని బార్లీ నీళ్లు తాగు."

"నేను నీడలోనే ఉన్నాను యజమానిగారూ. ఎండలో ఉన్నది మీరు."

"ఏం పురుగు?"

"మీకు తెలిసిందే. ఈకరెక్కల పురుగు."

"ఈకరెక్కల పురుగా?"

"మొహం అలా అయిందేం?"

"ఏమీ కాలేదు. అది దోమంత ఉంటుంది. దాన్ని పట్టేదెవరు, సంచిలో పెట్టేదెవరు? వింటే నవ్వుతారు."

"దోమంతే. వాలినప్పుడు చూశారా ఎప్పుడైనా? రెక్కలు సన్నగా చుట్టేసుకుని రెండు పక్కలకీ చాపుతుంది. ఎండుపుల్ల మీద ఇంకో ఎండుపుల్ల అడ్డం పెట్టినట్టుంటుంది. మా ఆయన మూడేళ్లు దాని పక్కనుంచే నడిచాడు, పుల్లే అనుకుని. రెక్క విప్పితే గానీ తెలీదు, చీలికలు చీలికలుగా, అంచులకి ఈకలు..."

"నాకు పాఠాలు చెప్పకు."

"కాళ్లకి ముళ్లు. గోధుమరంగు ఒంటి మీద తెల్ల చారలు. అందంగానే ఉంటుంది. పెంచాను కదా, దగ్గరగా చూశాను."

"పెంచావా?"

"కిమ్చీ పచ్చడి సీసాల్లో. మూతికి పల్చటి గుడ్డ కట్టి. పూత మీద గుడ్లు పెడుతుంది, కంటికి ఆనవు. నాలుగైదు రోజులకి పిల్ల బయటికొచ్చి, పూలన్నీ దారంతో ఒక్కచోటికి లాక్కుని, మధ్యలో కూర్చుని తింటుంది. కాయ బఠాణీ అంత అయ్యాక కన్నం పెట్టి లోపలికి దూరుతుంది. ఒకటి ఖాళీ చేసి పక్కదానికి పోతుంది. కాయలు నల్లబడి రాలతాయి. మీకివన్నీ తెలుసు. అప్పట్లో తెలీంది మాకే."

"ఆగు, ఆగాగు. నిజంగా పెట్టావా?"

"విప్పి చూసుకోండి."

"ఇప్పుడు విప్పితే ఇంకేముంది? కోసి అమ్మేది చుసక్ కోతల పండక్కి, దానికింకా నెలుంది. ఎండకి మాడతాయి, మిగిలినవి పిట్టలు పొడుస్తాయి."

"అయితే విప్పకండి."

"ఇదిగో, చించాను, చూడు. ఈ గుత్తి బాగానే ఉంది. పురుగూ లేదు, పుట్రా లేదు."

"పక్కది చూడండి."

"ఇదీ బాగుంది. ఇదీ. నన్ను ఆటపట్టిస్తున్నావా?"

"గుత్తికొకటి ఎక్కడ తెస్తాను? ఐదింటికొకటి, ఆరింటికొకటి."

"నీకేం తక్కువ చేశాను? మీ ఆయన సాంగ్‌బే పోయాక ఈ తోట కొనడానికి ఎవరొచ్చారు? పురుగుతోట అని గట్టు కూడా తొక్కలేదు ఎవరూ. నేను కొన్నాను. పని కూడా ఇచ్చాను."

"ఇచ్చారు. మార్చిలో కొమ్మలు కత్తిరించే పనికి పిలిచారు. అప్పుడే చూశాను."

"ఏం చూశావు?"

"కంచె అవతల, మీ పనిముట్ల కొట్టం వెనక. పిచ్చితీగ. ఆ పురుగు ముందు దాని మీద పెరిగి, తర్వాత ద్రాక్ష మీదికొస్తుంది."

"పిచ్చితీగ ఎక్కడ లేదు? వాగు గట్టంతా అదే."

"గట్టున నేల మీద పాకుతుంది. మీ కొట్టం వెనక పందిరి మీద పాకుతోంది. కర్రలు పాతి, పురికొసతో కట్టి. కలుపుకి ఎవరైనా పందిరి వేస్తారా?"

"అది... ఆ పందిరి సొరపాదుకి వేసింది."

"సొరవిత్తనం ఒక్కటైనా పెట్టారా?"

"పెట్టే ఉంటాను. గుర్తులేదు."

"మూడేళ్లు. మూడేళ్లూ మీ తోటకి వల కట్టుకున్నారు. పురుగంతా మా మీద పడింది."

"వల ఎవరైనా కట్టుకోవచ్చు. మీవాణ్ని ఎవరు వద్దన్నారు?"

"మీరే. వల దండగ, మందు కొట్టు అన్నారు. కొట్టాడు. తగ్గలేదంటే ఇంకా ఘాటుగా కొట్టు అన్నారు. మా అరుగు మీద కూర్చుని, నేను పోసిన బియ్యం సారా తాగుతూ అన్నారు. ఊపిరాడదని ముక్కుకి గుడ్డ కూడా కట్టుకునేవాడు కాదు. చివరికి ఈ వరసలోనే, పంపు వీపున ఉండగానే బోర్లా పడ్డాడు."

"అది ఆయన ఊపిరితిత్తుల జబ్బు. డాక్టరే చెప్పాడు."

"ఆ జబ్బు పెళ్లినాటికి లేదు, మందు కొట్టాకే వచ్చింది. వరసన్నర చింపారు. ఇంకా దొరకలేదా?"

"ఏ వరసో చెప్పు. తమాషాలొద్దు, ఏ వరస?"

"పందిరి ఎవరు కట్టారు?"

"పోలీసులకి చెప్తాను."

"చెప్పండి. పురుగు ఎక్కడిదని అడిగితే మీ కొట్టం వెనక్కి తీసుకెళ్లి చూపిస్తాను."

"సర్లే, ఈపాటికి ఏమై ఉంటాయి లోపల?"

"తిన్నంత తిని, కాడకి తోక అంటించుకుని వేలాడతాయి. ఒళ్లంతా సన్నటి నూగు. వారం, పది రోజులు కదలవు. తర్వాత వీపు చీల్చుకుని రెక్కలతో బయటికొస్తాయి. వచ్చేసే ఉంటాయి. ఆడదీ మగదీ ఒక్క సంచిలో పడ్డచోట రెండో కాన్పు కూడా మొదలై ఉంటుంది."

"ఎలా చేయగలిగావు ఇంత పని?"

"మీరెలా చేశారు?"

"నేనేమీ మనిషి చావాలనుకోలేదు."

"మరేం అనుకున్నారు?"

"అమ్ముతాడనుకున్నాను. అంతే. వాగు నీళ్లు ముందు మీకు తగిలి, తర్వాత మాకొస్తాయి. ఎన్నిసార్లు అడిగాను ఈ తోట? నవ్వి ఊరుకునేవాడు. రెండు పంటలు పోతే దిగొస్తాడనుకున్నాను. రాలేదు. మూడోదీ పోయింది. అయినా మందు కొడుతూనే ఉన్నాడు మొండివాడు."

"పందిరి?"

"నేనే కట్టాను. చాలా? కర్రలు నేనే పాతాను, తీగ నేనే పాకించాను. విన్నావా?"

"విన్నాను."

"విన్నావు కదా. ఇప్పుడు చెప్పు. రెండు వరసలు నాశనం చేసుకున్నాను. మిగతావాటిలో ఎక్కడ పెట్టావు?"

"ఈ వరసల్లో ఎక్కడా లేవు."

"ఏంటి?"

"ఇవి మా ఆయన నాటిన తీగలు. మొదటి రెండేళ్లూ వాగు నుంచి బకెట్లతో నీళ్లు మోశాను వీటికి. వీటి మీద పురుగు వదలడానికి నాకు చెయ్యి రాలేదు."

"అంటే అంతా అబద్ధమేనా? పురుగే లేదా?"

"ఉంది. మూడు సీసాల పురుగు. పదకొండు రోజుల్లో ఇక్కడ సంచులు తొడిగింది నాలుగు రోజులే యజమానిగారూ. మిగతా ఏడు రోజులూ కంచె అవతల, మీ నాన్న నాటిన తోటలో తొడిగాను."