ఈరప్ప నిలబెట్టిన అణువులు

కూతురు పుష్పావతికి బెంగళూరులో ఎమ్మెస్సీ ఫిజిక్స్ సీటొచ్చిందని రామన్నకు సంతోషమే. పంపాలంటేనే గుబులు. ఆ చదువు చదివి ఏం చేస్తారో పెనుకొండలో చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే, బెంగళూరులో ఏదో సైన్సు ల్యాబులో కరెంటు పని చేసే బావమరిది ఈరప్ప ఊరికి రాగానే, పిలిచి అరుగు మీద కూర్చోబెట్టాడు.

ఈరప్ప కాఫీ గ్లాసు అందుకున్నాడు.

"ఒకదినం ల్యాబులో ఫ్యూజు పోయింది బావా. పోయి ఏస్తి. అంతే నేను జేసింది. కరెంటొచ్చినాక సూస్తే ఏముండాది? గాలంతా పీకేసిన గాజు డబ్బా, దాంట్లోకి ఆరు పక్కల నుంచి లేజరు వెలుతురు! మధ్యలో అణువులు. మామూలుగా అవి తుపాకీ గుండ్ల మాదిరి పరిగెత్తుతాంటాయి. యా పక్కకు పోయినా వెలుతురు ఎదురొచ్చి తోస్తాది. తోసి తోసి నిలబెట్టేస్తాది. అణువులు కదిలితేనే ఉడుకు, కదలాడకపోతే సలే గదా!"

"వెలుతురు తగిల్తే ఉడుకెక్కల్ల గదప్పా?" అన్నాడు పక్కింటి ఆంజనప్ప.

"ఆడే ఉండాది కిటుకు! ఎదురొచ్చి తోసే వెలుతురు పరుగు తగ్గిస్తాది, ఉడుకెక్కనీదు. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఇంకా ఉడుకుండేవాటిని, ఇదో ఈ కాఫీ ఆవిరి మాదిరి, ల్యాబు సార్లు ఎగిరిపోనిచ్చిరి. మిగిలినవి ఇంకా సల్లబడె. ఆ సలి ముందర హిమాలయాలు మన పొయ్యి లెక్క! ఆఖర్న సార్లకే చేతగాక, 'ఈరప్పా, నువ్వే రా' అనిరి. నేను మిషను మీది గుండీ తిప్పితి. అణువులన్నీ కలిసి ఒకే అణువైనట్టు నిల్చె. అంతటితో అయిపోయిందా? సలి డబ్బా దాటె. గోడ మీద గడియారం నిల్చె. ఎగిరే ఈగ గాల్లోనే నిల్చె. బయట రోడ్డు మీద బస్సులు నిల్చె!"

"ఓర్నీ!" ఆంజనప్ప నోరు తెరిచాడు. రామన్నకు నమ్మకం లేదు. అయినా కొంచెం ముందుకు జరిగి కూర్చున్నాడు.

"నేనూ నిల్చిపోతి బావా! గుండె కొట్టుకోలే. ఊపిరి ఆడలే. ఒంట్లో ఒక్క అణువు కదిలింటే ఒట్టు!"

గడప దగ్గర వింటున్న పుష్పావతి అడిగింది. "నాలుక కూడానా మామా?"

"నాలుక కూడా పాపా!"

"అయితే ఆ నిల్చినోడు నువ్వు కాదులే మామా. నీ నాలుకను నిలబెట్టే లేజరు ఇంకా పుట్టలే."

అరుగంతా ఘొల్లుమంది. ఈరప్పే అందరికంటే గట్టిగా నవ్వాడు. రామన్న మాత్రం నవ్వలేదు.

"దీంట్లో నిజం ఏమన్నా ఉండాదా పాపా?"

"వెలుతురుతో నిలబెట్టేది నిజం నాయనా. ఆవిరి మాటా నిజమే. అన్నీ ఒకటైనట్టు ఉండేదీ నిజమే."

రామన్న వీధిలో పడిన ఎండలోకి చేయి చాపి చూశాడు.

"రేపు పొద్దున బెంగళూరు బస్సుకు తయారుగా ఉండు పాపా. నేనూ వస్తా. ఆ డబ్బా నేనూ సూడల్ల."