ఈ వారం అత్తగారికేమైంది?

బిస్కెట్ల ఫ్యాక్టరీలో టీ విరామం. ప్యాకింగు పనిచేసే అక్క అట్టపెట్టెల దొంతర మీద చతికిలబడి ఫోన్లో చెల్లెల్ని పట్టుకుంది. ఆదివారాల్లో సాయంత్రం షిఫ్టులో వేసినప్పటి నుంచి ఆవిడకి సీరియల్ చూసే భాగ్యం పోయింది. చెల్లెలు చూసి సోమవారం కథ చెప్పాలని ఒప్పందం.

"అలా కాదే, మొదట్నించీ చెప్పు. నేను ఆఖరుసారి చూసినప్పుడు ఆ గద్దముక్కు అత్తగారు మెట్ల మీద కాలు జారి దబ్బున పడింది. సరిగ్గా అక్కడ ఆపి నా ప్రాణం తీశారు. ఆ తర్వాత?"

"తర్వాత... అక్కా, రాత్రంతా నాకు కునుకు లేదు. మా అత్తయ్య..."

"మీ అత్తయ్య ఎక్కడికీ పోదు. నాకున్నదే చిటికెడు టైము, అందులో సగం టీ వరసలోనే అయిపోయింది. ముందు సీరియల్ చెప్పు."

"తెల్లవార్లూ పిలుస్తూనే ఉందక్కా. పక్క తడిపేసింది, మార్చాను. మళ్ళీ తడిపింది. ఆయనేమో లోడు మీద పోయారు, ఎప్పుడొస్తారో..."

"లారీ తోలేవాణ్ణి చేసుకున్నాక తప్పుతుందా? పక్షవాతం వచ్చిన మనిషన్నాక ఆ మాత్రం చాకిరీ ఉంటుంది. మా అత్తకి నేను చెయ్యలేదూ? ఓర్చుకో. ఇంతకీ ఆవిడ పడినప్పుడు కోడలు అక్కడే ఉందా?"

"ఏ కోడలు?"

"ఏ కోడలేమిటే, నిద్ర మొహమా! సీరియల్లో కోడలు."

"ఆ. ఉంది."

"ఉండి?"

"ఉండి... లేపింది. మంచమ్మీద పడుకోబెట్టింది. డాక్టరొచ్చి చూసి ఒక పక్క పడిపోయిందన్నాడు. కాలూ, చెయ్యీ."

"అమ్మో! పడిపోయిందా! దేవుడున్నాడే! అచ్చం మీ అత్తలాగేనా?"

"అచ్చం."

"చూశావా, ఈ సీరియళ్ళు రాసేవాళ్ళు మన ఇళ్ళల్లో దూరి చూస్తారనుకుంటా. మాట ఉందా, అదీ పోయిందా?"

"సగం సగం. ఏం కావాలో చెప్పమంటే నోరు తిరగదు. కోడల్ని తిట్టడానికి మాత్రం బాగానే తిరుగుతుంది."

"తిరుగుతుంది, తిరుగుతుంది! నాటకం కాకపోతే! మొన్నటికి మొన్న గుండెనొప్పని పడుకుని, కొడుకు గుమ్మం దాటగానే లేచి జంతికలు నమల్లేదూ? ఇదీ అదే బాపతు."

"నాటకమంటావా అక్కా?"

"నాటకమే. నా మాట రాసిపెట్టుకో."

"మరి మూలుగు? ఆ మూలుగు వింటే అలా అనిపించదు."

"మూలుగుదేముందే, మూలగడానికే కదా ఆవిడకి డబ్బులిచ్చేది. నువ్వు కథ చెప్పు, కథ."

"నీళ్ళడిగింది. కోడలు కుట్టుమిషను మీదుంది. వినపడింది. లేవలేదు."

"కోడలికి మిషనెప్పుడొచ్చింది?"

"ఈమధ్యే. కొన్నారు."

"నాకు చెప్పలేదేం? సరే, వినపడి కూడా లేవలేదా?"

"లేవలేదు. తొక్కుతూ కూర్చుంది. ఇంకా గట్టిగా తొక్కింది. అప్పుడు వినపడలేదు."

"భలే! భలే! ఇన్నాళ్ళకి దానికి రోషమొచ్చింది. నాకిక్కడ చప్పట్లు కొట్టాలనుందే!"

"తప్పు కాదూ?"

"తప్పేమిటే! ఆ గద్దముక్కుది దాన్ని ఎంత ఏడిపించింది! పుట్టింటికి పోనిచ్చిందా? కడుపు పోయి అది మంచంలో ఉంటే, పక్కన నిలబడి గొడ్రాలని అంది. ఒక పూట నీళ్ళు ఆలస్యమైతే చస్తుందా ఏం?"

"మా అత్త కూడా అంది ఆ మాట. నన్ను."

"ఏ మాట?"

"ఇప్పుడు నువ్వన్నదే."

"అనే ఉంటుందిలే, ఆ తరం నోళ్ళే అంత. ఎప్పటి సంగతో ఇప్పుడెందుకు తవ్వుతావు? అయ్యో, బెల్లు. ఇదిగో, వచ్చే ఆదివారం మాత్రం నిద్రపోకుండా చూడు. ఆవిడ ఏ చీర కట్టిందో కూడా చెప్పాలి నాకు."

మళ్ళీ సోమవారం. అట్టపెట్టెలు అవే, అక్క ఉత్సాహం మాత్రం రెట్టింపు.

"ఏమే, ఈ వారం అత్తగారికేమైంది? తొందరగా చెప్పు. ఇక్కడ మా ప్యాకింగు బెల్టు మీద వాళ్ళంతా నన్ను తినేస్తున్నారు. నీళ్ళ సంగతి చెప్పానా, ఎంత సంబరపడ్డారనుకున్నావు! మా సూపర్‌వైజరు కూడా దూరంగా నిలబడి విన్నాడు."

"అందరూ సంబరపడ్డారా?"

"అందరూ."

"ఒక్కరు కూడా తప్పనలేదా?"

"డబ్బాలకి మూతలు బిగించే ఆవిడొకర్తి 'పాపం' అంది. అందరం కలిసి నోరు మూయించాం. నువ్వంత పాపమనుకుంటే మీ ఇంటికి తీసుకుపోయి చాకిరీ చేసుకోమన్నాను."

"నువ్వన్నావా ఆ మాట?"

"నేనే. ఏం, బాలేదా?"

"బాగుంది. నాకెవరూ ఎప్పుడూ... బాగుందక్కా."

"మరి చెప్పు."

"ఇప్పుడు అన్నం ఒక పూటే పెడుతోంది. ఎక్కువ పెడితే ఎక్కువ పక్క మార్చాలి కదా."

"ఆహా! తెలివంటే అదీ. రాసినవాడు మంచానపడ్డ మనిషికి చేసిన వాడేనే. లేకపోతే ఆ కిటుకెలా తెలుస్తుంది?"

"ఒకరోజు మంచం మీంచి కింద పడింది. కోడలు వెళ్ళి గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ కూడా చూసింది. ఆ ఒక్క చెయ్యి ఇలా చాపింది."

"కెమెరా దగ్గరగా చూపించారా? ఆవిడ కళ్ళు చూపించారా?"

"ఆ. కళ్ళే. కళ్ళే కనపడుతున్నాయక్కా, ఎటు తిరిగినా."

"బాగా తీసి ఉంటారు. అబ్బ, నా ఖర్మ, ఈ డొక్కు ఫోన్లో బొమ్మలు రాకపాయె! లేపిందా మరి?"

"లేపింది. లేపి పడుకోబెట్టి, బయటికొచ్చి గడియ పెట్టింది."

"గడియా!"

"ఒక పూటకే అనుకుంది. తర్వాత తియ్యలేదు. అన్నం పెట్టేటప్పుడు తీస్తుంది, మళ్ళీ పెడుతుంది. మాత్రలు కూడా ఇవ్వడం మానేసింది. నోట్లోంచి ఉమ్మేస్తుంటే ఎన్నిసార్లని..."

"మాత్రలు మానేసిందా? అది కాస్త..."

"కాస్త?"

"ఏం లేదులే."

"ఎక్కువైందా అక్కా? చెప్పు. ఎక్కువైందనిపిస్తోందా నీకు?"

"ఏమిటే ఆ గొంతు? నువ్వు మరీ సీరియల్లో మునిగిపోయావు."

"కాదు, నువ్వు చెప్పు. ఆపెయ్యాలా? నువ్వు ఆపెయ్యమంటే..."

"నేను ఆపమంటే ఆపుతారా ఏం, తీసేవాళ్ళు నన్నడిగి తీస్తున్నారా? అయినా ఎందుకాపాలి? మూడేళ్ళ నుంచి ఆ పిల్ల ఏడుస్తుంటే నేనూ ఏడ్చాను దానితో పాటు. నా పెళ్ళికి కూడా అంత ఏడవలేదు. కానియ్యి. ఇంకొంచెం ఏడిపించాలి ఆ ముసలిదాన్ని, అప్పుడుగానీ నా కడుపు చల్లబడదు."

"కానియ్యమంటావు."

"కానియ్యి, కానియ్యి! అవునూ, మర్చేపోయాను, మీ అత్తకెలా ఉంది?"

"నెమ్మదించింది. ఇప్పుడు అంతగా పిలవట్లేదు."

"చూశావా, నేను చెప్పలేదూ? కొత్తలో అలాగే ఉంటుంది, తర్వాత అన్నీ సర్దుకుంటాయి. మరిది వచ్చాడా?"

"బండి దార్లో ఆగిపోయిందట. ఇంకా రాలేదు."

"వస్తాడులే. నువ్వు కాస్త తిని పడుకో. గొంతు పీలగా ఉంది."

ఆ పై సోమవారం అక్క అట్టపెట్టెల మీద కూర్చోలేదు. గోదాము వెనక్కి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడి మాట్లాడింది. మొహం కందగడ్డలా ఉంది.

"నా పరువు తీశావు కదే!"

"ఏమైందక్కా?"

"ఏమైందా? పొద్దుటి షిఫ్టులోంచి ఒకావిణ్ణి మా బెల్టు మీదకి మార్చారు. ఆదివారం ఆదివారం కళ్ళు ఆర్పకుండా చూస్తుందట మన సీరియల్. నేను గొప్పగా గడియ సంగతి చెబుతుంటే, ఆవిడ పడీ పడీ నవ్వింది. మెట్ల మీంచి పడటమే ఉత్తదట! కోడలికొచ్చిన కలట! గద్దముక్కావిడ నిక్షేపంలా కూతురింటికి వెళ్ళి కూర్చుందట, అసలు తెర మీదే లేదట ఇన్ని వారాలు. పక్షవాతం లేదు, గడియ లేదు, తలకాయ లేదు! అందరి ముందూ నన్ను వెర్రిదాన్ని చేశావు. చూడకపోతే చూడలేదని చెప్పాలి గానీ, ఇలా కట్టుకథలల్లుతావా?"

"అది కాదక్కా..."

"ఏది కాదు? సీరియల్ అంటే నాకు ప్రాణమని తెలుసు కదే. నా సరదా ఒకే ఒక్కటి. దాంతో ఆడుకుంటావా? మిషనట, కోడలు మిషను తొక్కుతోందట! ఆవిణ్ణడిగితే ఆ ఇంట్లో మిషనే లేదంది. ఎక్కణ్ణించి తెచ్చావు ఆ మిషను? ఎక్కణ్ణించి..."

"అక్కా."

"...మిషనున్నది నీకు కదూ?"

"ఆ."

"ఏమే."

"ఆ."

"మీ అత్తయ్య ఎక్కడ?"

"గదిలో."

"ఏ గదిలో? గడియ... ఆ గడియ ఏ గదికే?"

"మాకున్నదే ఒక గది, ఒక వసారా. నేను వసారాలో ఉంటున్నాను."

"అయ్యో, అయ్యో. ఏం చేశావే! నాకు చెప్పొద్దూ!"

"చెప్పబోయాను కదా. మొదటి సోమవారం మొదలుపెట్టాను. ముందు సీరియల్ చెప్పమన్నావు. చెప్పాను. నా బతుకు చెబితే నీకు ఆవలింతలొస్తాయి. దాన్నే సీరియలని చెబితే ఊపిరి బిగబట్టి విన్నావు. నా పెళ్ళయ్యాక నువ్వు నా మాట అంతసేపు వినడం అదే."

"నేను సీరియలనుకున్నానే!"

"నాకు తెలుసు."

"తెలిసి ఎందుకు... నేనన్నది ఆ గద్దముక్కుదాన్నే! మీ అత్తని కాదు!"

"అదీ తెలుసు. కానీ నువ్వు భలే అన్నావక్కా. చప్పట్లు కొట్టాలనుందన్నావు. అంతమంది సంబరపడ్డారన్నావు. ఈ ఇంట్లో చాకిరీ చేసీ చేసీ నా చేతులు పుండ్లు పడితే ఒక్కరు మెచ్చుకోలేదు. మానేస్తే ఒక ఫ్యాక్టరీ మొత్తం మెచ్చుకుంది."

"నోర్ముయ్యి! అలా అనకు!"

"రెండో వారం అడిగాను నిన్ను. ఎక్కువైందా, ఆపెయ్యమంటావా అని. రెండుసార్లు అడిగాను. నువ్వు వద్దని ఒక్క మాటంటే ఆ క్షణమే గడియ తీసేదాన్ని. ఫోన్ చేత్తో పట్టుకుని గది ముందే నిలబడి ఉన్నానక్కా అప్పుడు."

"నాకేం తెలుసే... నాకేం తెలుసు... సరే, సరే, ఏడవకు. నేనేడుస్తున్నానా, నువ్వేడుస్తున్నావా? ఎవరేడిస్తే ఏం, ముందు ఆ గడియ తియ్యి. ఇప్పుడే తియ్యి."

"తీసే ఉంది."

"తీసే ఉందా? హమ్మయ్య. వెళ్ళు. వెళ్ళి దగ్గర కూర్చో. నీళ్ళు పట్టు, చెంచాతో, కొద్దికొద్దిగా, తల కాస్త ఎత్తి. మాత్రలున్నాయా ఇంట్లో?"

"ఉన్నాయి. అన్నీ ఉన్నాయి."

"ఉన్నాయి కదా, అంతే, ఇంకేం ఫర్వాలేదు. ఎన్నిళ్ళల్లో జరగట్లేదు, ఒళ్ళలిసిపోయి ఏదో... అన్నీ సర్దుకుంటాయి. మరిదికి నేను చెబుతాను, మెల్లగా. నిన్నేం అనకుండా నేను చూసుకుంటాను. వింటున్నావా?"

"బెల్లు కొడుతున్నట్టున్నారు. వినపడుతోంది."

"తగలెయ్యి బెల్లుని! నేనిలాగే బయల్దేరి వస్తున్నాను. రాత్రికల్లా నీ దగ్గరుంటాను. ఇద్దరం కలిసి చేద్దాం ఆవిడకి. పక్క నేను మారుస్తాను, నువ్వు పడుకో. నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ మధ్యలో ఆపను నిన్ను. ఈలోపు నువ్వు ఒక్క పని చెయ్యి. డాక్టర్ని పిలు. వెంటనే పిలు."

"పొద్దున్నే వచ్చి వెళ్ళాడక్కా. దుప్పటి మొహం మీదకి లాగి, 'ఇన్నాళ్ళూ ఆవిణ్ణి బాగా చూసుకున్నావమ్మా' అన్నాడు."