నేను బెంగళూరు ఎందుకు వెళ్లలేదంటే

ఈ వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ పద్మావతమ్మ గారికి, ఇప్పటికే రెండుసార్లు వాచీ చూసుకున్న మా కరస్పాండెంట్ రామకోటేశ్వరరావు గారికి (నవ్వులు), వేదిక మీది పెద్దలకు, ఆదివారం కూడా కాలేజీకి వచ్చిన అధ్యాపక మిత్రులకు, నా దగ్గర ఆడినవాళ్లకు, ఆడతామని పేరిచ్చి గ్రౌండు మొహం చూడనివాళ్లకు, రెండో వరసలో కూర్చున్న నా భార్య మల్లీశ్వరికి నమస్కారం.

ముప్పై ఒక్క ఏళ్లు గ్రౌండులో అరిచినవాణ్ణి, మైకు ముందు ఎంత గొంతు పెట్టాలో తెలియదు. ఎక్కువైతే చెయ్యెత్తండి. ఏడు శాలువాలు కప్పారు. ఈ ఉక్కలో అన్నీ మొయ్యలేక నాలుగు తీసి పక్కన పెట్టాను, కప్పినవారు మరోలా అనుకోవద్దు.

నాకంటే ముందు మాట్లాడిన నలుగురూ ఒకే సంగతి చెప్పారు. 2008లో బెంగళూరులో ఒక యూనివర్సిటీ వాళ్లు ఫుట్‌బాల్ కోచ్‌గా రమ్మని పిలిచి, ఇక్కడి జీతానికి మూడింతలు ఇస్తామన్నా, ఈ పిల్లల్ని విడిచి రాలేనని దుర్గాశంకర్ గారు, అంటే నేను, వద్దనుకున్నారని. కరస్పాండెంట్ గారు దానికి ఇంకో మాట కలిపారు: ఆ గురువు చేతిలో తయారైన ఆరోన్ కూడా ఈ సంస్థను విడిచి వెళ్లడని, ఆ మాట ఈ వేదిక మీదే నేను అతని దగ్గర తీసుకుంటానని.

ఆరోన్ ఎవరో తెలియని మా చుట్టాల కోసం చెబుతున్నాను. ఇక్కడే బీకాం చదివాడు, జట్టుకు కెప్టెన్, ఆరేళ్లుగా నాకు అసిస్టెంటు. రేపటి నుంచి నా ఉద్యోగం అతనికే. అయితే పోయిన వారం గోవాలో ఒక యూనివర్సిటీ నుంచి కోచ్‌గా రమ్మని ఆర్డరు వచ్చింది. బుధవారంలోగా జవాబు చెప్పాలి. తెచ్చి నాకు చూపించి, “ఉంటానని మీకు మాటిచ్చాను కదండీ, రానని రాసేస్తాను సార్” అన్నాడు. అన్నాడే కానీ, ఆ కాగితం మడత నలక్కుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. అది చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

కోచ్ అనేవాడు ఒక ఉద్యోగం వదిలి ఇంకోటి ఎందుకు పడతాడని అడిగితే, జీతమంటాం, మంచి గ్రౌండంటాం, పిల్లల చదువులంటాం, అత్తగారి ఊరు దగ్గరంటాం. అన్నీ నిజమే. నేనూ అవన్నీ చూసుకునే, ఒకసారి చూసొద్దామని బెంగళూరు బండెక్కాను. అక్కడి పచ్చిక చూసి చెప్పులు విప్పి నడిచాను. మన గ్రౌండు సంగతి మీకు తెలియందా? ఎండాకాలం నల్లరేగడి పగుళ్లలో బూటు ఇరుక్కుంటుంది, వాన పడితే నాట్లేసుకోవచ్చు. (నవ్వులు) ఇక గోల్‌పోస్టులంటారా, అదుగో మూడో వరసలో మీసం దువ్వుకుంటున్న జీవరత్నం, అప్పట్లో మా గోల్‌కీపర్, ఆటోనగర్లో వాళ్ల నాన్న షెడ్డులో లారీ పైపులు వెల్డింగు చేయించి తెచ్చాడు. పై కమ్మీ రెండంగుళాలు కిందికుంటుంది. కావాలనే చేశాడని నా అనుమానం. (నవ్వులు) ఊఁ, లేచి నిలబడక్కర్లేదయ్యా, కూర్చో.

గ్రౌండంతా తిప్పి చూపించాక అక్కడి స్పోర్ట్స్ డైరెక్టర్ కాఫీ ఇచ్చి, చాలా మర్యాదగా ఒక్క మాట అన్నాడు. “మూడేళ్లలో సౌత్‌జోన్ ఫైనల్ ఆడాలండీ. ఆడకపోతే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.” అంతే. అందులో తప్పేముంది? ఏ కోచ్‌తోనైనా అనవలసిన మాటే. కానీ తిరుగు రైల్లో కూర్చున్నంతసేపూ నాకు ఆ ఒక్క మాటే వినపడింది.

ఎందుకంటే అంతకు ముందు నెలే మేం గుంటూరులో ఐదు సున్నాతో ఓడి వచ్చాం. గేటు దగ్గర పద్మావతమ్మ గారు, అప్పటికింకా లెక్చరరే, ఎదురొచ్చి “పిల్లలు భోంచేశారా శంకర్ గారూ?” అని అడిగారు. స్కోరు అడగలేదు. ఈ కాలేజీలో ఎవరూ ఎప్పుడూ నన్ను స్కోరు అడగలేదు. అది మీ మంచితనం. ఆ మంచితనం చాటున నేను దాక్కున్నాను. అసలు సంగతి అదండీ. పిల్లల్ని విడవలేక కాదు, ఓడిపోతే పంపించేస్తారని భయమేసి బెంగళూరు వెళ్లలేదు.



భవానీపురంలో మా ఇంటికి వచ్చేసరికి మల్లీశ్వరి స్టీలు సామానంతా పేపర్లు చుట్టి సర్దేసింది. అమ్మాయికి టీసీ కూడా అడిగి వచ్చింది. “పిల్లల్ని వదిలేసి ఎట్లా వెళ్తాం?” అన్నాను. కింద కూర్చుని ఆ పేపర్లన్నీ విప్పుకుంది. ఇన్నేళ్లకి, మొన్న ఆరోన్ కాగితం చూశాక, ఆవిడకి నిజం చెప్పాను. “తెలుసు లెండి. పెనాల్టీ గురి తప్పినవాడి మొహం కాదు ఆ రోజు మీది, కొట్టమంటే బంతి పక్కవాడికిచ్చేసినవాడి మొహం. మీతో ఇన్నేళ్లు కాపురం చేశాను, ఆ మాత్రం ఆట రాదా?” అంది. తిట్టినా బాగుండేది.

అట్లాగని ఇక్కడ ఉన్నందుకు బాధపడుతున్నానని అనుకోకండి. బాధపడే తీరిక మీరు నాకెప్పుడిచ్చారు? భయంతో ఉండిపోయినవాణ్ణి ప్రేమతో ఉండిపోయినవాడి కింద చూసుకున్నారు. చూసుకోగా చూసుకోగా నిజంగానే ఆ ప్రేమ పుట్టింది. నేత పనివాళ్ల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు, రైతుల పిల్లలు, నేను సగం నేర్పితే మిగతా సగం వాళ్లే నేర్చుకుని నాకు పేరు తెచ్చారు. ఈ రుణం నేను తీర్చగలిగేది కాదు, తీర్చమని మీరు అడిగేవాళ్లూ కాదు.

కానీ ఆ రుణం ఆరోన్ చేత తీర్పించకండి.

ఒరేయ్ ఆరోన్, వెనక తలుపు దగ్గర నిలబడ్డావు, కనపడుతూనే ఉన్నావు. నీకూ భయంగా ఉంటే ఇక్కడే ఉండు, తప్పేం లేదు, భయమేసి ఉన్నానని చెప్పి ఉండు. నా పేరు చెప్పి మాత్రం ఉండకు. నాకిచ్చిన మాట అడ్డం పెట్టుకోకు. భయమేస్తోందా?

(వెనక నుంచి ఆరోన్: “లేదు సార్.”)

గట్టిగా చెప్పు, కరస్పాండెంట్ గారికి వినపడాలి.

(ఆరోన్: “భయం లేదండీ. వెళ్లాలనుంది సార్.”)

మరింకేం, వెళ్లు. నాకిచ్చిన మాట ఇంతమంది ముందు నీకు తిరిగిచ్చేస్తున్నాను. (చప్పట్లు)

రామకోటేశ్వరరావు గారూ, మీరు నన్ను మాట తీసుకోమంటే నేను ఇచ్చేశాను, క్షమించాలి. కొత్త కోచ్ దొరికేదాకా పొద్దున పూట నేనే వస్తాను, ఇంకో శాలువా మాత్రం వద్దు. వచ్చేవాణ్ణి దయచేసి స్కోరు అడగండి. అడిగాక, పిల్లలు భోంచేశారా అని కూడా అడగండి. మల్లీశ్వరీ, నిన్ను అడక్కుండానే ఒప్పేసుకున్నాను, ఏమన్నా అనాలంటే ఇంటికెళ్లాక అను. (నవ్వులు)

నన్ను భరించిన ఈ కాలేజీకి, ఇంతసేపు విన్న మీ అందరికీ చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. ఇక నాకు సెలవిప్పించండి. నాతోపాటు ఆరోన్‌కి కూడా.