గోడ పట్టని రంగు

హలో… ఆ, నేనే, మీ వదిననే. చెప్పండి మరిదిగారూ, ఏం వెలగబెట్టారు?

…గదికి రంగెయ్యడం అయిపోయిందా? మా చెల్లిని పంపెయ్యాలా? ఆగు నాయనా! పోయినసారీ ఇలాగే "వాసన పోయింది, రమ్మను" అన్నావు. అది మీ గడప దాటిందో లేదో, ఎగశ్వాసతో మళ్ళీ నా ఇంటికొచ్చి పడింది. ఆయాసమున్న మనిషి పడుకునే గదికి ఆయిల్ పెయింటు కొట్టిన మహానుభావుడివి!

…ఏంటీ? నీళ్ళ రంగైతే తడిగుడ్డ పెట్టగానే కరిగిపోతుందనుకున్నావా? ఏం బుర్రయ్యా నీది! ఆ నీళ్ళు రంగుని గోడదాకా మోసే కూలీలు. బరువు దించేసి గాల్లో కలిసిపోతాయి. రంగు మాత్రం పొరకట్టి ఉండిపోతుంది. బాగా ఎండాక నువ్వు తుడిచినా పోదు.

…సరే, ఇప్పుడు నేను చెప్పిన నీళ్ళ రంగే వేశావుగా. వాసన సంగతి చెప్పు.

…కొంచెమా? ఇంకా ఎందుకుంది? …బ్రష్షులా? కిరసనాయిల్లోనా! నీళ్ళ రంగు బ్రష్షు కడగడానికి కుళాయి సరిపోలేదటయ్యా? …ఆ డబ్బా ఎక్కడుంది? …అదే గదిలో, మంచం కిందా! తీసుకెళ్ళి బయట పెట్టు ముందు.

— నువ్వుండవే చెల్లీ, స్పీకరు పెట్టాగా. విను నీ మొగుడి తెలివి.

…ఇదిగో, పాత ఆయిల్ పెయింటుని ఉప్పుకాగితంతో గరుకయ్యేలా రుద్దాకేగా ఇది వేశావు?

…"నున్నగా బాగానే ఉంది కదా" అనుకున్నావా! అద్దంలాంటి గోడ మీద రంగు దేన్ని పట్టుకుని వేలాడుతుందయ్యా, నీ మీసాన్నా?

…ఎండింది, అందంగా ఉంది, అంతేగా? టేపుందా ఇంట్లో? ఒక ముక్క గోడకి అంటించు. గట్టిగా నొక్కు. ఆ… ఇప్పుడు ఒక్క లాగు లాగు.

…హలో?

…ఏంటా చర్రుమన్న చప్పుడు?

…టేపుతోపాటే వచ్చేసిందా? ఎంత? …అరచెయ్యంతా? …ఇంకా వస్తోందా! లాగకయ్యా, గోడకి బట్టలిప్పుతావా ఏంటి!

…ఆగు, నీ పెళ్ళాం ఏదో అంటోంది. — ఏంటే? …"ఊడలేదని చెప్పినా మనకి తెలిసేది కాదు, ఈసారి నిజం చెప్పాడు" అంటోంది. ఏడిసినట్టుంది! దానికే కళ్ళల్లో నీళ్ళు కూడానూ.

…ఏంటి, ఇప్పుడే మొత్తం గీకేస్తావా? నువ్వా? రంగుతో సరిపెడతావా, ఇటుకలు బయటపడేదాకా గీకుతావు. ముట్టుకోకు. పొద్దున నేనొస్తాను. గీకాలి, రుద్దాలి, దుమ్మంతా తుడిచి, రంగు పట్టుకోడానికి ప్రైమరు వెయ్యాలి. రంగు ఆ తరవాత. నువ్వు బకెట్టు మొయ్యి, చాలు.

…మీ ఆవిడా? ఈసారి టేపు నేను లాగుతాను. రంగు గోడ మీదే ఉంటే అప్పుడొస్తుంది.

— ఏంటే? ఫోనివ్వాలా? ఇంత విన్నాక కూడానా? …సరే, తీసుకో. ఆ కిరసనాయిలు డబ్బా బయట పెట్టాడో లేదో అడుగు ముందు. ఈసారీ నిజమే చెబుతాడేమో చూద్దాం.