రెండు జెండాల సంబంధం

ఎదుర్లంక నుంచి గోదావరి దాటి యానాం రేవుకు సాగుతున్న పంటు మీద, పెళ్ళికూతురి తండ్రి కాబోయే వియ్యంకుణ్ణి నిలదీశాడు. ఒక్కగానొక్క కూతురు పరాయి దేశం పాలవుతుందేమోనని అతని బెంగ.

“ఇంతకీ మీరు ఏ దేశస్థులండీ?”

“ఉండేది ఇండియాలోనండి. గవర్నమెంటు పాండిచ్చేరిది. నేషనాలిటీ మాత్రం తాతల నాటి నుంచీ ఫ్రెంచిది.”

“ఒక్క మనిషికి ఇన్నేంటండీ బాబూ! మరి ఎవరి జెండా ఎగరేస్తారు?”

“జులై పద్నాలుగు ఫ్రెంచి వాళ్ళ పండక్కి వాళ్ళది, ఆగస్టు పదిహేనుకి మనది.”

“అయితే రెండు పండగలకీ మా అమ్మాయిని పుట్టింటికి పంపాలి.”

“అలాగేనండి. ఆగస్టు పదహారూ మాకు పండగే, యానాం చట్టప్రకారం ఇండియాలో కలిసిన రోజు. పదిహేనున వచ్చిన పిల్లని మర్నాడు కూడా ఉంచేసుకోండి.”

పెళ్ళికూతురి తండ్రి ముఖం విప్పారింది.

“ఇంకో గవర్నమెంటు కూడా ఉందేమో గుర్తు తెచ్చుకోండి, బావగారూ!”