ఎర్ర కాగితం కింది పేరు

హలో… ఆ, నేనే. ఐదుసార్లు చేస్తే ఇప్పుడా ఎత్తేది?

…

సరే, విను అన్నా. నా భార్య మూడేళ్ళుగా పస్తులుంది. పస్తు పెట్టింది నువ్వు.

…

లేదు, తాగలేదు. పొద్దున తొమ్మిదింటికి ఎవడు తాగుతాడు?… మందిరంలో ఉన్నా. మన పెద్దల మందిరంలో. లోపలి గదిలో, పేరు పలకల ముందు.

…

ఆ, నేనే. వెన్‌పెయ్‌నే. ఈ గడప తొక్కనన్నాను, తొక్కాను. నవ్వుకో.

… తాళమా? ఫెంగ్ అత్త తీసింది. ఆమెనేం అనకు. "దారి మరిచిపోలేదన్నమాట" అని ఎత్తిపొడిచి మరీ తీసింది. ముంగిట్లో ఊడుస్తోంది.

నా సంగతి తర్వాత. ముందు నువ్వు చెప్పు. నా పెళ్ళాం గ్వెయ్‌జీ పోయాక పలక ఇక్కడ నిలబెట్టింది ఎవరు?… నువ్వే. ఎర్ర కాగితం అంటించింది?… అదీ నువ్వే.

ఒకటే పలక. మొగుడి పేరూ పెళ్ళాం పేరూ పక్కపక్కన. బతికున్నవాళ్ళ పేరు మీద ఎర్ర కాగితం, పోయినవాళ్ళ పేరు బయటికి. అంతేనా?… అంతే. ముక్కు చీదడం రాని పిల్లలకి కూడా తెలుసు మన ఊళ్ళో.

ఇక్కడ నా పేరు బయటికుంది.

…

'కువాంగ్ వెన్‌పెయ్.' బంగారు నీళ్ళతో. కాగితం ఆమె పేరు మీదుంది.

…

తిరగేసి అంటించావు అన్నా.

…

సరిగ్గానే చూశాను. నేను ఊరి బళ్ళో ఐదో క్లాసు, నీలాగా పట్నంలో చదవలేదు. నా పేరు నేను చదువుకోగలను.

…

అంటే నేను చచ్చాను, ఆమె బతికుంది. మూడేళ్ళ నుంచీ మీ మందిరంలో సంగతి ఇదీ. వసంతంలో పూజ చేశారు, శరత్తులో చేశారు, చలికాలం చేశారు. మొత్తం పందిని కాల్చి పెట్టారు. సారా పోశారు. "పెద్దలారా, వచ్చి తినండి" అన్నావు నువ్వు ముందు నిలబడి. పేరు బయటికున్నవాళ్ళు వచ్చి తిన్నారు. కాగితం కింద ఉన్న మనిషి ఎలా వస్తుంది? గుమ్మం బయట నిలబడి వాసన పీల్చుకుందా?

…

నేనా? నేను బాగానే ఉన్నా. ఒళ్ళు చేశాను కూడా. ఎందుకు చెయ్యను, దాని కూడు నేను తింటుంటే!

…

ఎవరూ చూడలేదంటే నమ్ముతాను. పైనుంచి ఐదో వరస, గోడ మూల, పొగ. ఎవడికి కావాలి? వెతికేవాడికి కనపడేది. వెతకాల్సినవాణ్ణి నేనొక్కణ్ణే.

… అమ్మాయి ఎక్కడొస్తుంది! ఏడాదికోసారి తల్లి అస్థికలు దాచిన చోటికి పోయి నాలుగు పువ్వులు పెట్టొస్తుంది. మందిరం జోలికి రాదు, నా కూతురు కదా.

… ఇంట్లోనా? ఇంట్లో ఎక్కడ పెట్టను? పోయిన వందో రోజున మా ఇంట్లో ఉన్న కాగితం పలక తెప్పించుకుని కాల్చి, ఆ బూడిద తీసుకుపోయి ఇక్కడి ధూపపాత్రలో కలిపింది ఎవరు? "ఇకనుంచి మరదలి తిండి మందిరంలోనే, నువ్వు దిగులు పడకు" అని మనిషి చేత చెప్పించింది ఎవరు?

…

కలలోకి వస్తోంది. అందుకొచ్చా.

…

ఇవాళా నిన్నా కాదు, మొదటి ఏడు నుంచీ. చేతిలో గిన్నె. మాట్లాడదు. నీకు తెలుసుగా, నోరు తెరిచి అడిగే మనిషి కాదు. గిన్నె చాపుతుంది, అంతే. నేనేమనేవాణ్ణో తెలుసా?…

"ఇక్కడేముంది, మందిరానికి పో. అక్కడ మా అన్న పెడతాడు. పో" అని.

…

మూడేళ్ళు అలాగే తోలాను. ఈసారి వచ్చింది గాని గిన్నె చాపలేదు. చెయ్యి లేవలేదు దానికి. లేచి అన్నం వండి పట్టుకొచ్చా. ఎదురుగా పెట్టి పోదామనుకున్నా. తలెత్తి చూస్తే ఇదీ.

…

ఏంటీ?… గట్టిగా చెప్పు.

… కళ్ళా? ఆపరేషన్ మొన్న కదా అయింది?… అప్పటికే పొరలున్నాయా? మూడేళ్ళ కిందటే?

…

ఎవరికీ చెప్పలేదు. వదినకి కూడా. ఊఁ.

… రెండు పేర్లూ కలిసిపోయి ఒకే మెరుపులా కనిపించాయి. వేలితో తడిమి, ఇదే అనుకుని అంటించావు.

ఎవరినైనా పిలవాల్సింది… ఫెంగ్ అత్తకి చదువు రాదు, సరే. మిగతావాళ్ళు?… "చూపు లేనివాడికి పెత్తనమెందుకు" అంటారని. అదన్నమాట. నీ పెత్తనం కోసం నా పెళ్ళాం కడుపు మాడ్చావు.

…

ఏమన్నావు?

…

అవును. నాకోసం మనిషిని పంపావు.

… అవును, ముందురోజు కూడా పంపావు. "రేపు పలక నిలబెడుతున్నాం, వచ్చి నీ కళ్ళతో చూసుకో" అన్నాడు వచ్చినవాడు. వాన పడుతోంది. నేను తలుపు తియ్యలేదు.

…

ఎందుకు తియ్యలేదో తెలీదా నీకు? చెప్పించుకుంటావా? ఆసుపత్రిలో పోయిందని శవాన్ని ఊళ్ళోకి రానివ్వలేదు. బయట ప్రాణం పోయినవాళ్ళు లోపలికి రాకూడదట. ఆనవాయితీ అట. ముప్ఫై ఎనిమిదేళ్ళు మీ పండగలకి వంట చేసి, ఈ గచ్చు మీద గొంతుక్కూచుని అంట్లు తోమిన మనిషి. రెండు రోజులు పొలిమేరలో టార్పాలిన్ కింద ఉంచారు. నువ్వు గొడుగు పట్టుకొచ్చి దూరంగా నిలబడి, "ఏం చేస్తాం తమ్ముడూ, నలుగురి మాట" అన్నావు. ఆ నలుగురిలో నువ్వు లేవా?

… అప్పుడు పెట్టుకున్నా ఒట్టు. ఈ గడప తొక్కనని.

…

నిలబెట్టుకున్నా. బాగా నిలబెట్టుకున్నా.

…

ఊఁ.

… ఏం లేదు. ముక్కు కారుతోంది, పొగకి.

…

వద్దు. చలికాలం పూజ దాకా ఆగను. మంచిరోజు చూడాలా? ఆకలికి మంచిరోజు చూస్తావా?… జోస్యుడు లేకుండా పలక ముట్టుకోకూడదంటే, ఎవరు ముట్టుకోకూడదో వాళ్ళు ముట్టుకోకండి. నేను ఎలాగూ చచ్చినవాణ్ణే మీ వరసల్లో.

… ఏంటీ? నువ్వే వస్తావా? కంటికి కట్టుతోనా, బస్సులో? కూచో. వంగొద్దన్నాడు కదా డాక్టరు. కళ్ళు పోగొట్టుకుని వచ్చి ఏం చూస్తావు?

…

అత్తా! ఫెంగ్ అత్తా! ప్లాస్కులో వేణ్ణీళ్ళున్నాయా? ఓ గుడ్డ కూడా పట్రా… నీతో కాదు అన్నా. ఆగు, బల్ల ఎక్కుతున్నా.

…

నానుతోంది. జిగురు గట్టిగానే వేశావు.

… పై అంచు వచ్చింది. మాట్లాడకు కాసేపు.

…

…

వచ్చింది.

… బంగారం కొంత కాగితంతో పోయింది. 'లియాంగ్ వారి ఆడపడుచు' అన్నది సగమే ఉంది. పేరు ఉంది. 'గ్వెయ్‌జీ.' చదవొచ్చు.

…

ఏడవకు. కట్టు తడుస్తుంది.

… నా పేరు మీదా? కొత్త కాగితం బీరువాలో ఉందా? ఉండనీ. వద్దు.

… అపశకునమైతే కానీ. ఆయుష్షు తగ్గితే తగ్గనీ, దాచుకుని ఏం చేస్తాను? ఇద్దరి పేర్లూ పక్కపక్కన ఇప్పుడే చూస్తున్నా. కాసేపు అలా ఉండనీ. ఆవలి లోకం వాళ్ళకి ఇష్టం లేకపోతే వాళ్ళొచ్చి అంటించుకుంటారు.

…

అన్నం, ఉప్పుచేప. ముల్లంగి ముక్కలు వేసి చారు.

… దానికిష్టమా అంటే, తెలీదు. అన్నేళ్ళూ నాకిష్టమైందే వండింది. అది ఏమి ఇష్టంగా తినేదో నేను చూడలేదు. నువ్వేమైనా చూశావా?… వదినని అడుగు.

… చిలగడదుంపా? ఉడికించిందా, కాల్చిందా?… కాల్చింది. బెల్లంతో. సరే.

…

ఊరందరికీ నువ్వే చెప్తావా? చెప్పుకో. చాటింపు వేసుకో. నీ పెత్తనం, నీ ఇష్టం.

… క్షమించడమా? ఆ మాట నన్నడక్కు. అడగాల్సింది ఇక్కడ, ఈ పలకని. దానికి నేనే ఏం చెప్పాలో తెలీక నిలబడ్డా, నీ తరఫున కూడా ఎక్కడ చెప్పను?

…

చాలు అన్నా. అన్నం చల్లారిపోతోంది. అగరువత్తులు రెండు చేతులా పట్టుకోవాలి, ఫోను పెట్టెయ్యాలి.

… ఆ, చేస్తాను. ఎల్లుండి కట్టు విప్పాక చేస్తాను. కంటి సంగతి అడుగుతా, వరి సంగతి చెప్తా. ఈ పలక సంగతి మాత్రం ఎత్తను. ఇవాళ్టితో సరి. నా కూతురు అడిగినా చెప్పను. నువ్వు చచ్చేముందు పిలిచి అడిగినా—

…

లేదు. ఈ మాట ఇక నా నోట రాదు. ఉంటా.