కళ్ళముందు విప్పిన బ్లేడు

ఇలా దగ్గరికి జరగండర్రా, సెలూను నడుపుకునే ఒకాయన సంగతి చెబుతాను. కూతురి కాలేజీ ఫీజుకి మర్నాడే ఆఖరి రోజు. బేరాల్లేని మధ్యాహ్నంపూట తండ్రీ కూతుళ్ళిద్దరే దుకాణంలో ఉన్నారు.

“ఇవాళ ఒకాయన గడ్డం దగ్గర గాటు పెట్టానమ్మా. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ ఇలా జరగలేదు.”

“నా ఫీజు గురించేనా నాన్నా?”

“మరింకేంటి? ఆ పెద్ద ప్రైవేటు కాలేజీకి పన్నెండు లక్షలు! ఈ దుకాణం అమ్మినా అంత రాదు. అంతర్జాతీయ సంబంధాల డిగ్రీ చదివితే ఎంత సంపాదిస్తారో ఒక్కడూ చెప్పడేం?”

“నేనూ అడిగాను. పోయినేడు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయంటే, ఆ పెద్ద కాలేజీవాళ్ళు నవ్వేసి రంగుల పుస్తకం చేతిలో పెట్టారు.”

“సర్కారు కాలేజీలోనో?”

“అదే డిగ్రీ, ఫీజు ఆరో వంతు. ముప్పైమందిలో పదకొండుమందికే వచ్చాయన్నారు. వాళ్ళ జీతాల కాగితం కూడా చూపించారు.”

“పదకొండుమందేనా! మిగతా పంతొమ్మిదిమంది ఏమైపోయారే తల్లీ?”

“నా భయమూ అదే నాన్నా. అయినా నేను సర్కారు కాలేజీలోనే చేరతాను.”

“మరి అక్కడ చేరతానంటావేం?”

“నువ్వు కొత్త బ్లేడు వచ్చినవాళ్ళ కళ్ళముందే ఎందుకు విప్పుతావు?”

“చూస్తేనే కదమ్మా ధైర్యంగా మెడ అప్పగిస్తారు!”

“ఈ సర్కారు కాలేజీవాళ్ళు లెక్క చూపించారు నాన్నా. ఆ పెద్ద కాలేజీవాళ్ళు చూపించలేదు.”

ఆయన చేతిలోని కత్తిని తుడిచి అరలో పెట్టాడు.

“రేపు ఇద్దరం వెళ్ళి సర్కారు కాలేజీలోనే ఫీజు కట్టొద్దాం.”

“నీకు భయం పోయిందా?”

“పోలేదు. అందుకే ఇద్దరం వెళ్దామంటున్నా.”

మీ ఇంట్లో ఎవరైనా చదువుకి డబ్బు కట్టబోతుంటే, ఈ బ్లేడు సంగతి గుర్తుపెట్టుకుని వాళ్ళకీ చెప్పండర్రా.